మధ్యలో పడే షటిల్: ఇంటిపనులు, ఆరోగ్యం, ఆట భార్యాభర్తలు కలిసి నడుపుకోవడం ఎలా

మా ఆవిడా నేనూ కలిసి బ్యాడ్మింటన్ మొదలుపెట్టిన కొత్తలో ఒకే రకం పాయింటు మళ్ళీ మళ్ళీ పోగొట్టుకునేవాళ్ళం. షటిల్ సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చేది. తను తీస్తుందని నేను ఆగేవాణ్ణి, నేను తీస్తానని తను ఆగేది. చూస్తుండగానే అది నేల మీద పడేది. అందుకోవడం ఇద్దరికీ వచ్చు. ఎవరు అందుకోవాలో మాత్రం ముందుగా అనుకోలేదు.

అదే నెలలో ఇంట్లో నా బీపీ మాత్రలు అయిపోయాయి. ఒక ఆదివారం రాత్రి స్ట్రిప్ తీసి చూస్తే అన్ని గళ్ళూ ఖాళీ. నేను తెచ్చుకుంటానని ఆమె అనుకుంది. ఆమె తెచ్చే ఉంటుందని నేను అనుకున్నాను. "ఏమండీ, మందుల సంగతి మీరే చూసుకుంటున్నారనుకున్నా" అంటున్నప్పుడు ఆమె గొంతులో వణుకు వినిపించింది. రెండు పూటలు మాత్ర లేకుండా గడిచాయి. ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి ఇద్దరికీ సరిగా నిద్ర పట్టలేదు.

కోర్టులో పడ్డ షటిల్, ఇంట్లో అయిపోయిన మాత్ర ఒకటేనని నాకు అర్థమవడానికి కొంత కాలం పట్టింది. ఆ తర్వాత మేము చేసుకున్న మార్పులనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. వరస తప్పించకండి. మొదటి రెండూ కుదిరితేనే మిగతావి నిలబడతాయి.

1. ముందు ఒక వారం రాయండి, ఏమీ మార్చకండి

ఇద్దరూ రోజూ చూసే చోట ఒక కాగితం అతికించండి. పక్కనే ఒక పెన్ను దారంతో కట్టండి. వారం రోజులు ఎవరు ఏ పని చేసినా దాని మీద ఒక ముక్క రాయాలి. చేతులతో చేసిన పనితో పాటు తలలో చేసిన పని కూడా రాయాలి. ఇన్సూరెన్స్ గడువు వచ్చే నెలతో అయిపోతుందని గుర్తుకు రావడం, కుళాయి కారుతోందని గమనించడం, అత్తగారి కంటి పరీక్షకు తేదీ తీసుకోవాలని తట్టడం, ఇవన్నీ పనులే. వీటికి పక్కన "గుర్తు" అని రాయండి, చేసినదానికి "చేత" అని రాయండి.

అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంటి పని వెనక ఉండే ఆలోచనను ఆమె నాలుగు భాగాలు చేశారు. అవసరం రాబోతోందని ముందే పసిగట్టడం, ఏమేం దారులున్నాయో వెతకడం, ఒకటి తేల్చుకోవడం, అది సరిగా జరిగిందో లేదో కనిపెట్టి ఉండటం. తేల్చుకునే దగ్గర చాలా జంటల్లో ఇద్దరూ కూర్చుంటున్నారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్యల మీదే పడుతున్నాయి. మా కాగితం మీద కూడా సరిగ్గా అదే కనిపించింది. నా వైపు "చేత"లు తొమ్మిది ఉన్నాయి. అందులో ఏడు ఆమె గుర్తు చేస్తే చేసినవి. నేను నా వంతు చేస్తున్నాననే ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఆ వారంలో దాని గురించి వాదించుకోవద్దు. "చూశావా, ఎన్ని రాశానో" అని ఒక్కసారి అన్నా రెండో మనిషి రాయడం మానేస్తారు.

2. పనిని మొత్తంగా ఒకరి చేతిలో పెట్టండి

"నేను సాయం చేస్తా, ఏం చేయాలో చెప్పు." ఎంతో ప్రేమగానే అంటాం ఈ మాట. కానీ చెప్పాలంటే గుర్తుండాలి, ఎప్పుడు చెప్పాలో చూసుకోవాలి, చెప్పాక అయిందో లేదో మళ్ళీ అడగాలి. చేసేవాళ్ళకు అరగంట పని, చెప్పేవాళ్ళకు మూడు రోజుల బరువు. అందుకే సాయం అనే మాటను మా ఇంట్లో పక్కన పెట్టేశాం. ఇప్పుడు "ఇది నాది" లేదా "ఇది నీది", అంతే.

నాది అంటే మొదటి నుంచి చివరి దాకా నాది. బండి సర్వీసింగ్ తీసుకోండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసుకోవడం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం, బండి ఇచ్చి రావడం, ఆ రోజు ఇద్దరూ దేని మీద తిరగాలో ఆలోచించడం, బిల్లు చదవడం, ఫైల్లో పెట్టడం, మళ్ళీ ఎప్పుడు చేయించాలో రాసుకోవడం. ఇందులో ఏ ముక్క ఇంకొకరి తలలో మిగిలిపోయినా ఆ పని ఇంకా మధ్యలోనే ఉన్నట్టు.

ఏ పని ఎవరిదో తేల్చడానికి సగం సగం అనే లెక్క పెట్టుకోకండి, అది ఎప్పటికీ తెగదు. ఆ పని ఎవరికి తక్కువ చిరాకు, ఎవరి దారిలో ఉంది, ఎవరికి దాని గురించి ఎక్కువ తెలుసు అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఎవరికీ ఇష్టం లేనివి కొన్ని మిగులుతాయి. వాటిని నెలకొకరు చొప్పున మార్చుకోండి. చివర్లో పనుల సంఖ్య సరిపోల్చకండి. వారంలో ఇద్దరికీ నిజంగా ఖాళీగా మిగిలిన గంటలు ఎన్నో చూడండి. ఒకరికి పది, ఒకరికి మూడు మిగిలితే పంపకం మళ్ళీ చేయాలి. ఆ తేడా పనుల సంఖ్యలో కనపడదు.

ఒక మాట ముందే అనుకోవాలి: "అయింది" అంటే ఏమిటి? బట్టలు ఉతకడం అయిందంటే ఆరేయడంతోనా, మడతపెట్టి బీరువాలో సర్దడంతోనా? ఐదు నిమిషాలు కూర్చుని ఇది తేల్చుకుంటే ఐదేళ్ళ గొడవ తప్పుతుంది. తేల్చుకున్నాక అవతలి వాళ్ళు ఎలా చేస్తున్నారో వెనక నిలబడి చూడొద్దు. మా ఆవిడకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. నేను మడత పెట్టిన దుప్పట్లు ఆమె మళ్ళీ విప్పి మడతపెట్టేది. మూడో వారం విప్పబోయి, ఒక్క క్షణం ఆగి, అలాగే లోపల పెట్టేసింది. ఆ రోజు నుంచే దుప్పట్లు నిజంగా నా పని అయ్యాయి.

3. వారానికి 20 నిమిషాలు, ఒకే రోజు, ఒకే సమయం

బయటి పనులకు ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. వారంలో ఒక పూట కూర్చుని క్యాలెండర్ తెరవండి. వచ్చే ఏడు రోజుల్లో ఎవరు ఎక్కడుంటారు, బయట ఏ పనులున్నాయి, ఏవి ఒకే దారిలో పడతాయి అని చూసుకోండి. బ్యాంకు, పోస్టాఫీసు, చెప్పుల రిపేరు ఒకే వైపు ఉంటే మూడుసార్లు తిరగడం ఎందుకు? పని వేళలు ముందే కనుక్కోండి. ముందుగా మూసే చోటికి ముందు వెళ్ళండి. పాడైపోయే సరుకులు చివర్లో కొనండి.

ఇద్దరి ఫోన్లలోనూ కనిపించే ఒకే జాబితా పెట్టుకోండి. వంటింట్లో ఒకటి, ఫోన్లో ఒకటి, నోటితో చెప్పినది ఇంకొకటి ఉంటే మళ్ళీ మధ్యలో పడుతుంది. జాబితాలో లేనిది ఎవరూ చెప్పనట్టే లెక్క. రాసేటప్పుడు కొనేవాళ్ళు ఫోన్ చేసి అడగనక్కర్లేనంత వివరంగా రాయండి. "బల్బు" అని కాకుండా "హాల్లోకి, 9 వాట్లు, తిప్పి బిగించే రకం" అని రాయాలి. పాత వస్తువు ఫోటో తీసి పెడితే ఇంకా మంచిది.

మందులు తేవడం మాత్రం మామూలు సరుకులు తెచ్చినట్టు కాదు. రోజూ వేసుకునే మాత్రలు ఏడు రోజులకు సరిపడా మిగిలినప్పుడే కొనాలని నియమం పెట్టుకోండి. మందుల చీటీ, పాత స్ట్రిప్ రెండూ ఫోటో తీసుకుని వెళ్ళండి. షాపులో ఇచ్చిన స్ట్రిప్ మీద మూడు చూడాలి: మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ. కంపెనీ మారినా అసలు పేరు, మోతాదు మారకూడదు. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఎక్స్.ఎల్. లాంటి అక్షరాలు ఉంటే అవి కూడా సరిపోవాలి. మందు ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రలు అవి. వాటిని నలపడం, నమలడం చేయకూడదు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవడం మామూలుగా తప్పు. ఏం చేయాలన్నది మందును బట్టి ఉంటుంది కాబట్టి ఆ మందుకు ఆ ప్రశ్న డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి.

పని అయిపోయాక జాబితాలో కొట్టేయండి, లేదా "అయింది" అని ఒక మెసేజ్ పెట్టండి. ఆ ఒక్క మాట అవతలి వాళ్ళ తలలోంచి ఆ బరువు దించేస్తుంది.

4. ఆరోగ్యం గురించి టెన్షన్ వచ్చినప్పుడు

చాలా ఇళ్ళలో ఒకరు దాచేవాళ్ళు, ఒకరు వెతికేవాళ్ళు. దాచేవాళ్ళు "ఏం లేదులే" అంటారు. వెతికేవాళ్ళు రాత్రి ఒంటిగంటకు ఫోన్లో చదువుతూ ఉంటారు. మా ఇంట్లో దాచేది నేను. నేను ఎంత దాస్తే ఆమె అంత వెతికేది, ఆమె ఎంత అడిగితే నేను అంత దాచేవాణ్ణి.

దీనికి మేము పెట్టుకున్న పద్ధతి చిన్నది. ఒంట్లో ఏదైనా తేడా అనిపిస్తే దాచకుండా చెప్పాలి, విన్నవాళ్ళు వెంటనే సలహా ఇవ్వకూడదు. ముందు నాలుగు ప్రశ్నలే అడగాలి. ఎప్పటి నుంచి? ఒకసారి వస్తే ఎంతసేపు ఉంటోంది? ఏం చేస్తే పెరుగుతోంది? ఏం చేస్తే తగ్గుతోంది? జవాబులు తేదీ వేసి రాయండి. డాక్టరు అడిగేవీ ఇవే. రాసిన తర్వాత ఆ బాధను మూడు గళ్ళలో ఒకదాంట్లో పెట్టండి: ఇప్పుడే ఆసుపత్రి, ఈ వారంలో డాక్టరు, రెండు వారాలు చూద్దాం. మూడో గడిలో పెట్టినదానికి క్యాలెండర్లో తేదీ వేయాలి. తేదీ లేని "చూద్దాం" అంటే వదిలేసినట్టే.

మొదటి గడిలోకి ఏమొస్తాయో ఇద్దరికీ నోటికి వచ్చి ఉండాలి. ఛాతీలో బరువు పెట్టినట్టు, బిగదీసినట్టు నొప్పి కొన్ని నిమిషాలైనా తగ్గకపోవడం, అది చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఊపిరాడకపోవడం. ఆడవాళ్ళలో గుండెపోటు వచ్చినప్పుడు కూడా ఛాతీ నొప్పే ఎక్కువగా కనిపిస్తుంది గానీ వికారం, విపరీతమైన నీరసం, వీపు నొప్పి, ఆయాసం మగవాళ్ళ కంటే ఎక్కువగా ఉంటాయి. అందుకే గ్యాస్ అనుకుని, అలసట అనుకుని వదిలేస్తారు. పక్షవాతం అయితే ముఖం ఒక పక్కకు జారడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట తడబడటం, చూపు హఠాత్తుగా మందగించడం. ఇక్కడ జీవిత భాగస్వామి తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది: చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోవడం. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు. స్కానింగ్ కూడా ఆ లోపే అవ్వాలి. డాక్టర్లు మొదట అడిగేది ఆ టైమే. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అని మాత్రం పడుకోబెట్టకండి. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

ఇంట్లో బీపీ చూసుకునే విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము రెండేళ్ళు తప్పుగా చూశాం. నేను బయటి నుంచి రాగానే ఆమె మిషన్ తెచ్చేది. పట్టీ చొక్కా చేతి మీదే చుట్టేది. పట్టీ బిగుస్తుండగా "ఇవాళ మాత్ర వేసుకున్నారా?" అని అడిగేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. అంకె ఎక్కువ వచ్చేది. ఇద్దరికీ కంగారు. మళ్ళీ చూస్తే ఇంకా ఎక్కువ.

ఇప్పుడిలా చేస్తున్నాం. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీదే చుట్టాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. పట్టీ చేతి లావుకు సరిపోవాలి, చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. కొలిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఉదయం మాత్ర వేసుకోక ముందు, మళ్ళీ సాయంత్రం, ఇలా వరసగా 7 రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు డాక్టరుకు చూపించాలి. ఇంట్లో సగటు 135/85 దాటితే, ఆసుపత్రిలో 140/90 దాటినట్టుగానే చాలామంది డాక్టర్లు లెక్కిస్తారు. కొందరు 130/80 దగ్గరే జాగ్రత్త చెబుతారు. ఎవరి లక్ష్యం ఎంతో వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఒక్క రీడింగ్ చూసి మందు పెంచడం, మానేయడం రెండూ వద్దు. కానీ 180/120 దాటి, దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, తూలడం, మాట తడబడటం ఉంటే అది మొదటి గడి.

పక్కన పడుకునే మనిషికి మాత్రమే తెలిసే జబ్బు ఒకటుంది. గురక మధ్యలో శ్వాస 10 సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగిపోయి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ అందుకోవడం. నిద్రపోతున్నవాళ్ళకు ఇది తెలియదు. పగలు కునికిపాట్లు, ఉదయం తలనొప్పి, మందులు వాడినా లొంగని బీపీ దీనివల్ల రావచ్చు. గురక గురించి వెక్కిరించడం మాని, రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి.

రిపోర్టులు వచ్చినప్పుడు ఇద్దరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి. చాలా పరీక్షల్లో "సాధారణ పరిధి"ని ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అందులో పడేలా నిర్ణయిస్తారు. అంటే మిగతా 5 శాతం ఆరోగ్యంగా ఉండి కూడా ఆ పరిధి బయట ఉంటారు. ఒకేసారి ఇరవై రకాల పరీక్షలు చేయిస్తే ఏదో ఒకటి లావు అక్షరాల్లో రావడం వింత కాదు. కాబట్టి రిపోర్టు ఒంటరిగా, రాత్రి పూట, ఫోన్లో తెరవకండి. ఇద్దరూ కూర్చుని పగలు చూడండి, అర్థం కానిదానికి గీత గీయండి, డాక్టర్ని అడగండి. షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా హెచ్చరిక, 6.5 నుంచి మధుమేహం. ముందు రోజు స్వీటు మానేసినంత మాత్రాన ఆ అంకె మారదు. స్వీటు తిన్నావని ఆ పూట ఒకరినొకరు నిందించుకుని ప్రయోజనం కూడా లేదు.

డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి. ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి. చెప్పేది ఎవరి ఒంటి గురించో వాళ్ళే. భార్య బాధను భర్త చెప్పడం, భర్త బాధను భార్య చెప్పడం వద్దు, మధ్యలో సగం పోతుంది. ముందుగా మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుపోండి. లేచే ముందు రాసుకున్నది డాక్టరుకు చదివి వినిపించండి, తప్పుంటే అక్కడే దిద్దుతారు. ఇద్దరికీ చెరొక పేజీ తయారుచేసి పర్సులో, ఫోన్లో పెట్టుకోండి: వాడుతున్న మందులు మోతాదుతో సహా, పడని మందులు, పాత ఆపరేషన్లు, బ్లడ్ గ్రూపు, ఇద్దరు దగ్గరివాళ్ళ నంబర్లు.

5. కలిసి ఆడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ చేయమంటుంది. దానితో పాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మధ్యస్థమంటే ఎంతో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇద్దరూ కలిసి నడుస్తుంటే ఈ కొలత మీ పక్కనే ఉన్నట్టు.

నడక మంచిదే. అయినా నేను ఆటనే గట్టిగా సిఫార్సు చేస్తాను. నడుస్తున్నంతసేపూ బిల్లులు, పిల్లలు, మాత్రలే మాట్లాడుకుంటాం. ఆడుతున్నప్పుడు అవేవీ గుర్తుకు రావు. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, ఏదైనా సరే, ఇద్దరూ ఒకే వైపు ఉండగలిగేది ఎంచుకోండి. నలభై దాటి, కదలకుండా గడిపినవాళ్ళు, బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్ళు గట్టి ఆటకు ముందు డాక్టర్ని అడగాలి. మొదటి మూడు వారాలు అరగంట చాలు. ఆడే ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, భుజాలు, చీలమండలు తిప్పి ఒళ్ళు వేడెక్కనివ్వండి.

బూట్ల దగ్గర పొదుపు చేయకండి. పరుగు బూట్లకు అడుగు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. ముందుకు పరుగెత్తడానికి అది బాగుంటుంది గానీ కోర్టులో పక్కకు దూకినప్పుడు కాలు మెలికపడుతుంది. ఇండోర్ కోర్టు బూట్లు వేరే ఉంటాయి, అడుగు పల్చగా, నేలను పట్టేలా.

బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. మన సగంలో ఇద్దరం నిలబడాలి. మనం స్మాష్ (పై నుంచి కిందికి గట్టిగా కొట్టడం) చేసే స్థితిలో ఉంటే ఒకరు ముందు, ఒకరు వెనక. షటిల్ పైకి లేపి అవతలివాళ్ళకు ఇచ్చేశామంటే వెంటనే పక్కపక్కన. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. మనవాళ్ళు కొట్టిన షటిలే కంటికి తగిలే ప్రమాదం ఎక్కువ. ఎదురుగా చూస్తూ, రాకెట్ ముఖం ఎత్తున పట్టుకుని ఉండాలి. వెనకున్న మనిషిని చూడకుండా నమ్మడం మొదట్లో కష్టం.

ఇక మధ్యలోకి వచ్చే షటిల్. ఇద్దరూ కుడిచేతివాళ్ళై పక్కపక్కన ఉంటే, మధ్యలోకి వచ్చింది ఎడమ వైపు నిలబడ్డవాళ్ళకు ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టుకున్న చేతి వైపు దెబ్బ) అవుతుంది, వాళ్ళదే. ఇది ఆట మొదలుకాక ముందే అనుకోవాలి. దాని మీద ఇంకొక అలవాటు: తీసేవాళ్ళు గట్టిగా "నాది" అని అరవాలి, పాయింటు పోయినా సరే. మేము మొదట్లో మొహమాటపడి నెమ్మదిగా అనేవాళ్ళం. వినపడేది కాదు, రెండు రాకెట్లూ ఠప్పున కొట్టుకునేవి. ఇప్పుడు మా ఆవిడ అరిస్తే పక్క కోర్టు వాళ్ళు తిరిగి చూస్తారు.

ఒకరికి బాగా వచ్చి ఒకరికి రాకపోతే పాయింట్లు పెట్టుకోకండి. నెట్‌కు చెరోవైపు నిలబడి, కింద పడకుండా ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కపెట్టండి. పదకొండు, పదిహేడు, ఇరవై మూడు. ఆ లెక్క పెరగాలంటే బాగా వచ్చినవాళ్ళు అవతలివాళ్ళకు అందేలా వేయాలి. మీ భార్యకు గానీ భర్తకు గానీ ఆట మధ్యలో కోచింగ్ ఇవ్వకండి. అడిగితే చెప్పండి, అది కూడా ఆట అయిపోయాక, ఒక్క మాట. నేను మొదటి నెలంతా ప్రతి షాట్ తర్వాతా "మణికట్టు, మణికట్టు" అంటూ ఉండేవాణ్ణి. ఒక రోజు ఆమె రాకెట్ బ్యాగులో పెట్టేసి, జిప్పు లాగి, "మీతో ఆడటానికి వచ్చాను, క్లాసుకు రాలేదు" అంది. రెండు వారాలు రాలేదు. ఆ తప్పు నాదే.

కాలు మెలికపడితే ఆట ఆపండి. ఐసును బట్టలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి, సాగే కట్టు కట్టండి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, గట్టి మర్దన వద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. ఆడుతుండగా ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం వస్తే "ఈ గేమ్ పూర్తి చేద్దాం" అనుకోకండి. రెండో మనిషికి ఆట ఆపేసే అధికారం ఎప్పుడూ ఉండాలి.

టీవీలో ఆట చూసేవాళ్ళు ఒకరు, చూడనివాళ్ళు ఒకరైతే, వారం మీటింగులో మ్యాచ్‌లు కూడా క్యాలెండర్లో వేయండి. ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంతో కలిపి రెండు గంటలు, టీ20 మూడున్నర గంటల పైమాటే, టెస్టు మ్యాచ్ ఐదు రోజుల దాకా. ఎంతసేపో ముందే తెలిస్తే అవతలివాళ్ళు తమ సాయంత్రాన్ని తాము చూసుకుంటారు. "ఇంకో ఐదు నిమిషాలు" అని నాలుగుసార్లు అనిపించుకోవడమే మనసును నొప్పిస్తుంది.

6. ఒకరు మంచాన పడితే

ఒక్కరే అంతా మోయాల్సిన రోజులు వస్తాయి. అప్పుడు జాబితాలోని పనులను మూడుగా విడదీయండి: ఆగలేనివి, నెల ఆగినా ఫర్వాలేనివి, వేరేవాళ్ళు చేయగలిగినవి. మందులు, తిండి, పిల్లలు మొదటిది. బీరువా సర్దడం రెండోది. మూడోదాంట్లోని పనులు, "ఏమైనా కావాలా?" అని ఫోన్ చేసినవాళ్ళకు పేరు పెట్టి ఇవ్వండి. "గురువారం నాలుగింటికి పిల్లాణ్ణి తీసుకురాగలవా?" అంటే వాళ్ళూ సంతోషంగా చేస్తారు.

కోలుకుంటున్నవాళ్ళ పనులన్నీ లాగేసుకోకండి. నాకు నడుం పట్టేసి మూడు వారాలు పడుకున్నప్పుడు అన్నీ ఆమే చేసింది. బిల్లులు కట్టడం, జాబితా రాయడం మాత్రం నా దగ్గరే ఉంచింది, పడుకునే చేయగలిగినవని. ఇంట్లో నేనింకా ఉన్నాననిపించింది. చూసుకునేవాళ్ళకు వారంలో కనీసం రెండు పూటలు ఇంటి బయట గడిపే వీలుండాలి. వీలు చిక్కినప్పుడు చూద్దామనుకుంటే కుదరదు, క్యాలెండర్లో వేయండి. వాళ్ళ నిద్ర పోతే, వాళ్ళ మాత్రలు వాళ్ళే మర్చిపోతుంటే, అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

ఇక, గోడ మీద మొదటి వారం అతికించిన కాగితం పారేయకండి. మూడు నెలలకోసారి తీసి, పక్కన కొత్తది పెట్టి, చెరొక రెండు పనులు అవతలివాళ్ళకు మార్చుకోండి. ఈసారి మందుల పని ఆమె నాకిచ్చింది, బండి సర్వీసింగ్ తను తీసుకుంది. నా మాత్రలతో పాటు ఆమె థైరాయిడ్ మాత్రలు కూడా ఇప్పుడు నావే. స్ట్రిప్‌లో ఏడో గడి పక్కన పెన్నుతో చుక్క పెట్టి ఉంచాను. మొన్న ఆ చుక్క దాకా వచ్చాయి.